గంగాళంలో ఉప్పూ చక్కెరా

మొన్న కర్నూలులో డాక్టరమ్మ దగ్గరికి ఇద్దరమూ పోయి వచ్చినాము. మనుమరాలి వయసుండే ఆ పిల్ల మా కాగితాలను అటూ ఇటూ తిప్పి, నాకు ఉప్పు మానమనీ, మా ఇంటామెకు చక్కెర మానమనీ, బస్సు టికెట్టు చింపి ఇచ్చినంత తేలికగా చెప్పేసింది. కల్లూరుకు షేర్ ఆటోలో తిరిగి వచ్చినాము. ఇల్లు చేరగానే ఆమె వంటింట్లోకి పోయి, ఒకే అంగడిలో ఒకే రోజు కొన్న రెండు స్టీలు డబ్బాలను దించి, ఉన్నదంతా రెండు పాత పేపర్ల మీద కుమ్మరించింది, కింది వాటాలో ఉండేవాళ్ళకు ఇచ్చేద్దామని. కిటికీలోంచి పడే ఎండలో ఆ రెండు తెల్లటి కుప్పలూ పక్కపక్కన మెరుస్తుంటే, బతుకంతా సైన్సు పాఠం చెప్పి జీతం తిన్న నాకు, ఏది ఉప్పో ఏది చక్కెరో ఒక్క క్షణం తెలియలేదు. నవ్వు వచ్చింది. ఎందుకు నవ్వుతున్నావని ఆమె అడగలేదు, ఆమెకు తెలుసు. పేపరు అంచు మడుస్తూ, "రాసుకుంటావేమో, ఈసారన్నా నిజం రాయి" అనింది.

మన ఈడు వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు గానీ, ఈ కాలం పిల్లలు వింటే నమ్మరు. చక్కెర అనేది ఒకప్పుడు అంగడికి పోయి అడిగితే ఇచ్చే వస్తువు కాదు. కంట్రోలు కార్డు మీద నెలకింత అని కొలిచి పోసేవాళ్ళు. మామూలు చుట్టం వస్తే కాఫీలోకి బెల్లం, గొప్ప చుట్టం వస్తే చక్కెర, ఆ రుచిని బట్టే ఇంటికి వచ్చినవాడు తన విలువ ఎంతో తెలుసుకునేవాడు. పెండ్లికి చక్కెర కావాలంటే శుభలేఖ పట్టుకొని తాలూకా ఆఫీసుకు పోయి పర్మిట్టు తెచ్చుకోవాల. ఒక పెండ్లికి ఒక్కసారే ఇస్తారు. ఒలికిపోయిందనో, వానకు తడిసిందనో మళ్ళీ పోతే అక్కడి గుమాస్తా తల ఎత్తి కూడా చూడడు. నేను చెప్పబోయే సంగతికి ఇదే ఆయువుపట్టు కాబట్టి ముందే చెప్పుకుంటున్నాను.

ఆ రోజుల్లో నేను కొత్త సైన్సు టీచరును. మాది ఎమ్మిగనూరు వైపు, తరతరాలుగా మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకొని బతికిన ఇల్లు. మా నాయన నన్ను ఆ గుంటలోకి దించకుండా చదివించినందుకు నేను తీర్చుకున్న రుణం ఏమిటంటే, కనబడిన ప్రతివాడినీ నిలబెట్టి సైన్సు చెప్పి విసిగించడం. ఉద్యోగంలో చేరేనాటికి సీమ జిల్లాలన్నిట్లో నా అంత రసాయన శాస్త్రం తెలిసినవాడు ఇంకొకడు లేడనీ, నా ప్రయోగశాలను చూడడానికి పక్క ఊళ్ళ నుంచి మనుషులు వచ్చేవాళ్ళనీ నేను చాలా సభల్లో చెప్పినాను. సభలంటే మరేం కాదు, రిటైరైన టీచర్లం సాయంత్రం పూట కూర్చునే టీ అంగడి బెంచి. ప్రయోగశాల అంటే ఒక చెక్క బీరువా, అందులో ఒక స్పిరిటు దీపం, మూతులు విరిగిన పరీక్ష నాళికలు కొన్ని, ఒక అయస్కాంతం, ఒక గంధకం పొట్లం. మిగిలిన చోటంతా చెదలది. పక్క ఊరి నుంచి మనిషి వచ్చింది మాత్రం నిజమే, ఆ బీరువా అమ్ముతారేమో కనుక్కోవడానికి.

ఆ సరంజామాతోనే ఒక పాఠం మాత్రం బ్రహ్మాండంగా చెప్పేవాణ్ణి. కమ్మరి దగ్గర నుంచి తెచ్చిన ఇనుప రజనునూ, పచ్చటి గంధకం పొడినీ కాగితం మీద బాగా కలిపి, ఇది ఒక మూలకం, అది ఇంకొక మూలకం, రెండూ ఒక చాప మీద కూర్చున్నాయే గానీ ఎవరి గుణం వాళ్ళ దగ్గరే ఉంది, దీన్ని మిశ్రమం అంటారని చెప్పి, పైన అయస్కాంతం తిప్పితే ఇనుమంతా చివ్వున లేచి దానికి అతుక్కునేది. పిల్లలు నోళ్ళు తెరిచి చూసేవాళ్ళు. మళ్ళీ రెంటినీ కలిపి నాళికలో పోసి దీపం మీద పెడితే, ఎర్రగా రాజుకొని, చల్లారినాక నల్లటి గడ్డ ఒకటి మిగిలేది. దాని మీద అయస్కాంతం ఎంత తిప్పినా కదలదు. ఇనుమూ తన గుణం వదులుకుంది, గంధకమూ వదులుకుంది, ఇప్పుడిది మూడో వస్తువు, దీని పేరు సంయోగ పదార్థం, దీన్ని చేత్తో విడదీయడం ఎవరి తరమూ కాదని చెప్పి, గంట కొట్టేవరకూ ఆ గడ్డను వరసగా అందరి చేతుల్లోనూ తిప్పేవాణ్ణి. నా శిష్యుడొకడు చాలా ఏండ్ల తర్వాత తుమ్మలపల్లె గనిలో పనికి కుదిరినాడు, యురేనియం కూడా ఒక మూలకమేనని వాడికి మొదట చెప్పింది నేనే. వాడు మా స్కూల్లో చదివిన మాట వాస్తవం. నా సెక్షనులో కాదు.

నా పెండ్లి అయింది ఆ మొదటి ఏడాదిలోనే. అత్తగారి ఊరు ఒంటిమిట్టకు దగ్గరలో ఉండే ఒక నేతపల్లె. మా మామ నూలుకు రంగు అద్దేవాడు. ఇంటి వెనక రంగు తొట్లు, పొయ్యిలు, దండేల మీద ఆరేసిన ఎర్ర నూలు, నీలి నూలు, అక్కడి కుక్కపిల్ల కాళ్ళు కూడా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉండేవి. కొత్త అల్లుడు మొదటిసారి అత్తగారింటికి పోతే పండ్లూ పూలూ తీసుకుపోతాడు. నేను అయస్కాంతమూ గంధకం పొట్లమూ తీసుకుపోయినాను. సాయంత్రం అరుగు మీద వీధి వీధంతా కూర్చొని ఉండగా నా పాఠం నడిపించి, చివర్న ఊపులో, ఏ మిశ్రమమైనా తెచ్చి నా ముందర పెట్టండి, దేనికది విడదీసి చేతిలో పెడతానని పందెం కట్టినట్టు అనేసినాను. మా ఆమె వాకిలి పక్కన నిలబడి నా వైపు గర్వంగా చూసింది. అట్లా చూసిందని ఇన్నేండ్లూ చెప్పుకుంటూ వచ్చినాను. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయేమోనని లోపలికి చూసినానని ఆమె అంటుంది.

ఆ సభలో నన్ను ప్రశ్న అడిగింది ఒక్కరే, మామను కన్న తల్లి, ఆ ఇంటి అవ్వ. ఆమె నా అయస్కాంతాన్ని చేతిలోకి తీసుకొని ఇటూ అటూ తిప్పి చూసి, "విడదీసేవాళ్ళకు ఈ ఇంట్లో కరువు లేదులే నాయనా. కలిపే మందేమన్నా ఉండాదా నీ సంచిలో?" అనింది. అరుగు మీద ఎవ్వరూ నవ్వలేదు. అప్పుడు నేను తల తిప్పి, అప్పటిదాకా సరిగ్గా చూడని గోడను చూసినాను.

ఆ ఇల్లు ఒకప్పుడు ఒక్కటే. మామకు ఒక అన్న ఉన్నాడు, మాకు పెద్దమామ. అన్నది మగ్గం, తమ్ముడిది రంగు. తమ్ముడు అద్దిన నూలును అన్న నేసేవాడు, అన్న నేసిన చీర మీద తమ్ముడి రంగు కడప దాకా పేరు తెచ్చుకునేది. ఏదో మాట మీద మాట పెరిగి, భాగాలు పంచుకొని, నడి ఇంట్లో గోడ కట్టుకున్నారు. మగ్గాలు అటు పోయినాయి, తొట్లు ఇటు వచ్చినాయి. అన్న నూలు వేరే ఊర్లో అద్దించుకోవడం మొదలుపెట్టినాడు, తమ్ముడు వేరే వాళ్ళకు అద్దడం మొదలుపెట్టినాడు. అన్నీ సమానంగానే తెగినాయి గానీ ఒక్క గంగాళం దగ్గర తెగలేదు. అది అవ్వ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం, ఇద్దరు కూర్చుంటే మునిగిపోయేంత పెద్దది. ఇద్దరు అని రాసినాను, ఒక్కడే పడతాడు, అది కూడా మోకాళ్ళు ముడుచుకుంటే. ఆ ఇంట్లో ఏ పెండ్లి జరిగినా లడ్లు దాంట్లోనే పెట్టేవాళ్ళు. అవ్వ చిన్నకొడుకు దగ్గర ఉండిపోయింది కాబట్టి గంగాళమూ ఇటే ఉండిపోయింది. పెద్దమామ దాన్ని అడగలేదు, మామ ఇస్తాననలేదు. ఒకే వాకిలి ముందర ఇద్దరూ ఏండ్లపాటు ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిరిగినారు.

అట్లాంటిది, మా మరదలి పెండ్లి కుదిరినాక పెద్దమామ తనంతట తానే గోడ దాటి వచ్చినాడు. ఒంటిమిట్ట కోదండరాముని గుళ్ళో పెండ్లి, సత్రంలో భోజనాలు అని అనుకున్నారు. మగపెండ్లివాళ్ళు అడిగిందల్లా తమతో వచ్చే వాళ్ళకందరికీ కడుపునిండా లడ్లు పెట్టమని. చక్కెర పర్మిట్టు సంగతి నేను చూసుకుంటానని పెద్దమామ వాకిట్లో నిలబడి అవ్వతో అన్నాడు, లోపల ఉన్న తమ్ముడికి వినబడేటట్టు. తమ్ముడు లోపలి నుంచి పలకలేదు గానీ, శుభలేఖ ఒకటి తెచ్చి అరుగు మీద పెట్టి పోయినాడు. అంతే, అదే వాళ్ళ మధ్యన రాజీపత్రం. అవ్వ ఆ రోజు రెండు పూటలా అన్నం తినిందని మా అత్త ఆశ్చర్యపోయింది.

పెద్దమామ తాలూకా ఆఫీసు చుట్టూ ఎన్ని తిరుగుళ్ళు తిరిగినాడో గానీ, పెండ్లికి ముందు రెండోనాటి సాయంకాలం చక్కెర మూటను భుజం మీద పెట్టుకొని బస్సు దిగినాడు. ముందరి వాకిట్లో ఆడవాళ్ళంతా పసుపు దంచుతున్నారు. పుట్టి పెరిగిన ఇల్లు కాబట్టి ఎవరినీ అడక్కుండా నేరుగా కొట్టంలోకి పోయినాడు. అక్కడ మసక వెలుతురులో, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, తల్లి గంగాళం కనబడింది. అడుగున జానెడు ఎత్తున తెల్లగా ఏదో ఉంది. కార్డు చక్కెరేదో శుభానికని ముందుగా పోసి పెట్టినారనుకున్నాడు. మూట విప్పి మొత్తం దాంట్లో కుమ్మరించినాడు. తేమకు గడ్డకట్టిన చక్కెర అది, అందుకని మోచేతుల దాకా చేతులు పెట్టి, గడ్డలన్నీ చిదిమి, అడుగు నుంచి పైకి, పై నుంచి అడుగుకు, అరగంట సేపు కలిపినాడు. ఎన్నో ఏండ్ల తర్వాత తల్లి గంగాళం చేతికి దొరికింది మరి.

అడుగున ఉన్నది ఉప్పు.

నూలుకు రంగు బాగా ఎక్కాలంటే తొట్టిలో ఉప్పు పడాల. గల్లుప్పు తొందరగా కరగదని మామ దాన్ని మెత్తగా దంచి పెట్టుకునేవాడు. గోడ కట్టినాక, లడ్లకు పనిలేని గంగాళాన్ని ఆయన ఆ ఉప్పుకు వాడుకోవడం మొదలుపెట్టినాడు. పెండ్లికని తొట్లు ఆపి, గంగాళాన్ని కొట్టంలోకి జరిపినారు, అవ్వ చెప్పిందని ఇంట్లో ఉండే ప్రతి గిన్నెకూ పసుపు రాస్తూ దానికీ రాసినారు. ఈ సంగతి ఇటు పక్క పసిపిల్లలకు కూడా తెలుసు, అటు పక్క మనిషికి తెలిసే దారి లేదు.

మరునాడు పొద్దున వంటాయన మొదటి పాకం పట్టి, వేలు ముంచి నోట్లో పెట్టుకొని, పక్కకు తిరిగి ఉమ్మినాడు. "ఏమప్పా, ఇది చక్కెరనా, సముద్రమా?" అని గరిటె కింద పెట్టేసినాడు. అత్త నోట్లో వేసుకుంది, అవ్వ వేసుకుంది, నేనూ వేసుకున్నాను. మామ మాత్రం రుచి చూడలేదు. గంగాళం దగ్గరికి పోయి నిలబడి, లోపలికి చూసి, ఆయన ముఖం ఆయన అద్దే నీలి నూలులాగా అయిపోయింది. అప్పుడే పెద్దమామ వేపపుల్ల నములుతూ, పనులేమున్నాయో చూద్దామని వాకిట్లోకి వచ్చినాడు. మామ పెద్దగా అరవలేదు, అరిచినా బాగుండేది. "గంగాళం దక్కలేదని పెండ్లి చెడగొట్టినాడు. కావాలనే ఉప్పులో పోసినాడు" అన్నాడు, అన్నతో కాదు, గోడతో.

పెద్దమామ ఆ మాట విన్నాడు. వేపపుల్ల పారేసి, తన వాకిలి తీసుకొని లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి గోడ అవతల మగ్గం మొదలైంది.

ఆ చప్పుడు గురించి నేతవాళ్ళు కానివాళ్ళకు కొంచెం చెప్పాల. ఆ వీధిలో ఎవరింట్లో పెండ్లి అయినా, ముందునాడు పొద్దుటి నుంచి అయినవాళ్ళ మగ్గాలన్నీ ఆగిపోతాయి. ఎవరూ చెప్పక్కరలేదు. బయటి ఊరి నుంచి వచ్చినవాడు కూడా వీధి మొదట్లో నిలబడి ఎవరి మగ్గం ఆగిందో వింటే, ఎవరికెవరు చుట్టాలో చెప్పేయవచ్చు. అట్లాంటి రోజు, పెండ్లికూతురి సొంత పెదనాయన మగ్గం నడుస్తాంది. దడక్, దడక్ అని ప్రతి పోటూ ఈ ఇంటి గోడకు తగులుతాంది. సాయంత్రానికి మగపెండ్లివాళ్ళు బండ్లు కట్టుకొని ఈ వీధిలోకే వస్తారు, వాళ్ళూ నేతవాళ్ళే, వాళ్ళకూ చెవులున్నాయి. సొంత అన్నదమ్ములే పెండ్లినాటికి ఇట్లా ఉన్నారంటే ఏమనుకుంటారు. మా మరదలు తలకు నూనె పెట్టించుకుంటూ, ఆ చప్పుడుకు తల తిప్పి గోడ వైపు చూసి, మళ్ళీ దించుకుంది. అవ్వ మూలకు తిరిగి పడుకుంది. చక్కెర పోయినందుకు కాదు.

అప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ళంతా ఒక్కరొక్కరే నా వైపు తిరిగినారు. అరుగు మీద నేను అన్న మాట ఎవ్వరూ మరిచిపోలేదు. "ఏమప్పా అల్లుడా, మిశ్రమమే కదా ఇది" అన్నాడు వంటాయన, అందులో ఎగతాళి పాలు ఎంతో, ఆశ పాలు ఎంతో నేను చెప్పలేను. మా ఆమె దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది: "నిజంగా చేతనవుతుందా, ఊరికే అన్నావా?" ఆమె ఆ ప్రశ్న అడిగిన తీరు ఈనాటికీ గుర్తుంది. చక్కెరను విడదీస్తే, పాడైందేమీ లేదు, మర్చిపోండని ఇద్దరికీ చెప్పవచ్చు. విడదీయలేకపోతే ఆ మగ్గం ఇక ఏ పెండ్లికీ ఆగదు. నేను గట్టిగా తల ఊపినాను. ఎట్లాగో మాత్రం నాకే తెలియదు.

నిజానికి ఉప్పూ చక్కెరా అంటే సైన్సు టీచరుకు శత్రువులు. ఒక్కొక్కటీ విడిగా చూస్తే సంయోగ పదార్థం, రెండూ కలిస్తే మిశ్రమం, ఇంతవరకూ పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకోవచ్చు. విడదీయమంటేనే చిక్కు. అయస్కాంతం రెంటినీ ముట్టదు. నీళ్ళలో వేస్తే రెండూ కరుగుతాయి. అత్త జల్లెడ పట్టి చూసింది, రెండూ దిగినాయి. పక్కింటామె చేటతో చెరిగింది, రెండూ ఎగిరినాయి. పిల్లలను వరసగా కూర్చోబెట్టి పలుకు పలుకూ ఏరమందామా అని కూడా ఒక నిమిషం అనుకున్నాను. వెనక తొట్ల దగ్గరికి పోయి, బోర్లించిన కుండ మీద కూర్చొని, గోడ అవతలి దడక్ దడక్ వింటూ, నాకు పాఠం చెప్పిన గురువులందరినీ తలుచుకున్నాను.

అప్పుడు తట్టింది. చక్కెర ఇంక ఒక్క పలుకు కూడా కరగనంతగా చక్కెర తాగేసిన నీళ్ళు ఉన్నాయనుకోండి. వాటిని ఈ మిశ్రమం మీద పోస్తే, ఆ నీళ్ళు చక్కెరను ముట్టవు, కడుపు నిండింది కాబట్టి. కానీ ఉప్పుకు ఇంకా చోటు ఉంటుంది. ఉప్పును కరిగించుకొని కిందికి దిగిపోతాయి, చక్కెర పైన నిలుస్తుంది. ఇది నాకు మెరుపులా తట్టిందనీ, ఇట్లాంటి ఉపాయం పెద్ద పెద్ద ఫ్యాక్టరీల్లో కూడా ఎవరికీ తెలియదనీ తర్వాత చాలా మందికి చెప్పినాను. ఫ్యాక్టరీల్లో చక్కెరను కడిగేదే ఇట్లాంటి పద్ధతిలో అని కాలేజీలో మా లెక్చరరు ఒకసారి చెప్పినాడు. ఆ రోజు నేను ఆ క్లాసులో నిద్రపోకుండా ఉండడం ఒక్కటే ఇందులో నా ఘనత.

అట్లా కడుపు నిండిన పాకం కాయాలంటే ముందు కొంచెం మంచి చక్కెర కావాల. పసుపు దంచిన ఆడవాళ్ళు ఎవరిండ్లకు వాళ్ళు పోయి, కార్డు మీద తెచ్చుకున్న చక్కెరను గ్లాసుల్లో, గిన్నెల్లో తెచ్చి పోసినారు. ఎక్కువ తెచ్చింది మాత్రం పెద్దమామ భార్య, మా పెద్దత్త. మొగుడు మగ్గం మీద ఉండగా ఆమె పెరట్లోకి వచ్చి, గోడ మీదుగా చక్కెర చెంబును ఈవలికి అందించి, "నేనిచ్చినానని చెప్పొద్దండి, ఈడ నా తల తీస్తాడు" అనింది. అత్త చెంబు తీసుకొని, ఖాళీ చెంబు తిరిగి ఇస్తూ, గోడ మీద ఆమె చెయ్యి ఒక్క క్షణం పట్టుకుంది. ఇద్దరూ గోడ కట్టకముందు నుంచీ స్నేహితులంట, ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది.

నేతవాళ్ళ ఇంట్లో గుడ్డకేం కొదవ. పల్చటి గుడ్డలో ఉప్పుచక్కెరను మూట కట్టి, తొట్టి పైన కట్టెకు వేలాడదీసి, చల్లారిన పాకం పైనుంచి కొంచెం కొంచెంగా పోసినాము. కిందికి కారిన దాన్ని నాలుక మీద వేసుకుంటే ఉప్పు, పైన మిగిలిన దాన్ని వేసుకుంటే, ఉప్పు తగ్గిన చక్కెర. మళ్ళీ పోసినాము, మళ్ళీ రుచి చూసినాము. మధ్యాహ్నానికి వీధిలో ఆడవాళ్ళందరి నాలుకలూ మొద్దుబారి, ఒకామె తియ్యగా ఉండాదంటే ఒకామె ఉప్పగా ఉండాదని వాదులాడుకునే దాకా వచ్చింది. కారిన ఉప్పుపాకాన్ని బర్రెలకు పెడితే అవి తొట్టి నాకి నాకి తళతళలాడించినాయి. ఇంతలో నేను ఒక పళ్ళెంలో కడిగిన చక్కెర వేసుకొని, గెలిచిన వస్తాదులాగా గోడ అవతలికి పోయినాను.

పెద్దమామ మగ్గం గుంటలో కూర్చొని నేస్తున్నాడు. నన్ను చూసినాడు గానీ చెయ్యి ఆపలేదు. పళ్ళెం ముందర పెట్టి, చూడు మామా, విడదీసినాను, ఏమీ పాడు కాలేదన్నాను. ఒక చేత్తో చిటికెడు తీసి నోట్లో వేసుకున్నాడు.

"ఉప్పగానే ఉండాది" అన్నాడు.

నా సైన్సు అక్కడికి అయిపోయింది. ఆయన నాలుగు పోట్లు నేసి, దారం తెగితే ముడి వేసుకుంటూ, నా వైపు చూడకుండా అడిగినాడు: "మా అమ్మ గంగాళంలో ఉప్పు పోసుకున్నాడా వాడు?"

అవునన్నాను.

"ఎప్పటి నుంచి?"

గోడ కట్టినప్పటి నుంచి అంట, అన్నాను. ఆయన ఆ ముడిని బిగించినాడు. "నా పెండ్లికి దాంట్లో లడ్లు పెట్టింది వాడేనప్పా. చిన్నోడు, ఇంతే ఉండె. దాంట్లో దిగి, లడ్ల మధ్యన కూర్చొని నిద్రపోయినాడు, ఊరంతా వెతికినాము" అన్నాడు. మళ్ళీ మగ్గం అందుకున్నాడు. చక్కెర సంగతి ఆయనకు అసలు పట్టనే లేదు. తమ్ముడు తనను కావాలనే చెడగొట్టినాడని అన్నందుకు కూడా కాదు ఆ కోపం. ఆ గంగాళానికి ఏ గతి పట్టిందో తెలిసి.

నేను తిరిగి వచ్చి, తొట్ల దగ్గర ఒంటరిగా కూర్చున్న మామకు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పినాను. నా బతుకులో ఏమీ కలపకుండా చెప్పిన మాటలు బహుశా అవే. లడ్ల మధ్యన నిద్రపోయిన సంగతి చెప్పేసరికి మామ తల ఎత్తినాడు. ఆ సంగతి ఆయనకు గుర్తులేదో, గుర్తుందో, నేను అడగలేదు. లేచి, ఖాళీ అయిన గంగాళాన్ని బావి దగ్గరికి దొర్లించుకుంటూ పోయి, చింతపండు వేసి తోమినాడు. ఆడవాళ్ళు తోముతామని వస్తే వద్దన్నాడు. బంగారంలాగా అయినాక, దాన్ని తల మీద బోర్లించుకొని, ముఖం కూడా కనబడకుండా, వీధిలోకి దిగి, పక్క వాకిట్లోకి నడిచినాడు. వీధంతా చూస్తాంది. నేను వెనకాలే పోయినాను.

మగ్గం గుంట ముందర దించినాడు. ఇత్తడి నేలకు తగిలి ఖంగుమనింది. అన్న చూడలేదు. తమ్ముడు దాని అంచు తుడుస్తూ, "ఉప్పు లేదు ఇప్పుడు దీంట్లో" అన్నాడు.

దడక్ అని ఒక పోటు పడింది. ఇంకొకటి పడలేదు.

"లడ్లు ఏడ పెడతావురా మరి, నీ తలకాయ మీదనా?" అన్నాడు పెద్దమామ, గుంటలోంచి పైకి లేస్తూ. ఇద్దరూ చెరొక చెవీ పట్టుకొని గంగాళాన్ని ఇటు తెచ్చినారు. వాకిలి దాటేటప్పుడు పెద్దమామ, ఎన్నో ఏండ్లుగా అలవాటు తప్పి, మెట్టు చూసుకోక తూలితే, మామ పట్టుకున్నాడు. మూలకు తిరిగి పడుకున్న అవ్వ, చప్పుడు ఆగిపోయిందేమి అని అడుగుతూ లేచి కూర్చుంది.

సాయంత్రం మగపెండ్లివాళ్ళ బండ్లు వచ్చేసరికి వీధిలో ఒక్క మగ్గం చప్పుడు కూడా లేదు. మరునాడు ఒంటిమిట్టలో పెండ్లి అయినాక సత్రంలో లడ్లు ఆ గంగాళంలోంచే వడ్డించినారు. అవి కొంచెం ఉప్పగానే ఉన్నాయి. పెండ్లికొడుకు నాయన ఒక లడ్డు తిని, కండ్లు మూసుకొని ఆలోచించి, ఇంకొకటి వేయమన్నాడు. ఎండలో నడిచి వచ్చిన ప్రాణాలు కదా, లేచినాయి. ఇదేదో కడప వైపు పద్ధతి, చాలా బాగుంది, మాకు నేర్పించండని వాళ్ళ ఆడవాళ్ళు మా అత్తను అడిగినారు. అన్నదమ్ములిద్దరూ పక్కపక్క విస్తర్ల ముందర కూర్చొని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా, భుజాలు కదిలేటట్టు నవ్వుకోవడం నేను చూసినాను. ఆ తర్వాత వాళ్ళు బతికినన్నాళ్ళూ నన్ను విడదీసే సారూ అనే పిలిచినారు. గోడ పడగొట్టలేదు గానీ, మధ్యలో ఒక వాకిలి పెట్టుకున్నారు. తమ్ముడు అద్దిన నూలు మళ్ళీ అన్న మగ్గానికి ఎక్కింది.

ఉప్పునూ చక్కెరనూ పలుకు మిగలకుండా విడదీసి, అన్నదమ్ములను కలిపిన మొనగాణ్ణి నేనేనని పిల్లలకు, సహోద్యోగులకు, బస్సులో పక్కన కూర్చున్నవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పినానో. విడదీసింది సగమే, కలిపింది నేను కాదు. ఇది రాస్తుంటే మా ఆమె వెనక నుంచి చదివి, సగం కూడా కాదు, పావు అనింది. పావు అనే ఉంచుతున్నాను.

ఆమధ్య ఏదో పెండ్లికి పోతూ, దారిలో ఆ వీధి చూసి వచ్చినాము. పెద్దవాళ్ళు ఎవ్వరూ లేరు. ఇండ్లన్నీ మిద్దెలైనాయి, గుంటలు పూడ్చి బండలు పరిచినారు, ఆ గంగాళంలో పెద్దమామ మనుమడి భార్య మిద్దె మీద పూలమొక్క పెంచుతాంది. చక్కెర మూటలు మూటలుగా ప్రతి అంగడి ముందరా ఉంది, పర్మిట్టు అడిగేవాడు లేడు, తినడానికి డాక్టరమ్మ పర్మిట్టు తప్ప. వీధి మొదట్లో ఆటో ఆపించి, మా ఆమె దిగి, చాలాసేపు నిలబడి వినింది. ఒకప్పుడు ఆ వీధిలో మగ్గం చప్పుడు లేదంటే, ఎవరిదో పెండ్లి అని అర్థం. ఇప్పుడు ఏ మొదట్లో నిలబడి విన్నా చప్పుడు లేదు. ఏ పెండ్లీ లేదు.

పేపర్ల మీది కుప్పల్ని కింది వాటా పిల్లలు ఇంకా తీసుకుపోలేదు. ఇందాక ఆమె చూడనప్పుడు ఇందులోంచి చిటికెడూ అందులోంచి చిటికెడూ తీసి నోట్లో వేసుకున్నాను. ఆమె చూసింది. నేను తిట్లకు సిద్ధపడి నిలబడితే, దగ్గరికి వచ్చి, తనకూ పెట్టమని అరచెయ్యి చాపింది.